సగం తొక్కితే పావు

పరిగి దగ్గర మా ఊళ్లో నన్ను అందరూ ‘కార్లు చేసే పాప’ అంటారు. నలభై దగ్గర పడుతున్నా ఆ ‘పాప’ నన్ను వదల్లేదు. పెనుకొండ పక్కన పెద్ద కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచీ నేను అందులోనే పని చేస్తున్నానని ఊరి నమ్మకం. కాదు, నాది బెంగళూరు అవతల ఒక చిన్న గేర్‌బాక్సుల కంపెనీ, అక్కడ కారు మొత్తం తయారు కాదు అని మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. "యాడైతే ఏముందిమ్మా, కారు కారే గదా" అని మా అవ్వ తేల్చేసింది. తర్వాత నేనూ ఊరుకున్నాను. పొగడ్త తప్పు చిరునామాకు వచ్చినా వెనక్కి పంపే గుణం నాకు లేదు.

నేను చేసే పని చెప్పడం సులువే. క్లచ్ లేని కార్లలో గేర్లు వాటంతటవే మారతాయి కదా. ఏ గేరు ఎప్పుడు మారాలో ముందే నిర్ణయించి ఆ గేర్ల పెట్టెకు నేర్పేవాళ్లలో నేనొకదాన్ని. మా బతుకంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది, మైలేజీ. కారు కొనేవాడు రంగు చూశాక అడిగే మొదటి ప్రశ్న అది. మా వైపు వాళ్లయితే రంగు చూడకముందే అడుగుతారు.

ఇంజన్ వేగంగా తిరుగుతూ తక్కువ బరువు లాగితే పెట్రోలు దండగ. గాలి పోయే దారి సగం మూసి ఉంటుంది, ఒక ముక్కు నొక్కుకుని పరుగెత్తే మనిషిలా దాని కష్టమంతా ఊపిరి పీల్చుకోవడానికే సరిపోతుంది. అదే ఇంజన్ పెద్ద గేరులో నెమ్మదిగా తిరుగుతూ బరువు మోస్తే, గాలి దారి బాగా తెరుచుకుని ప్రతి చుక్కా పనికొస్తుంది. అందుకని వీలైనంత త్వరగా పెద్ద గేరుకు పంపడం, వీలైనంత ఆలస్యంగా కిందికి దించడం మా విద్య. ఇంజన్లు చేసేవాళ్లు కూడా ఊరికే కూర్చోలేదు. నాలుగు సిలిండర్లను మూడు చేసి, ఆ లోటు తీర్చడానికి గాలిని కూరిపెట్టే టర్బో ఒకటి తగిలించారు. ఆ టర్బోకు కొంచెం బద్ధకం. ఇంజన్ ఊపు అందుకున్నాకగానీ నిద్ర లేవదు.

అంతటితో ఆగినా బాగుండేది. జనం అవసరం లేకపోయినా యాక్సిలరేటర్ తొక్కుతారని, పెట్రోలు సగం వాళ్ల కాలి దురద వల్లే పోతుందని నా వాదన. సగం తొక్కితే పావే తొక్కినట్టు ఇంజన్‌కు అందేలా పెడదామన్నాను. పెట్టాం. పరీక్షలో మైలేజీ పెరిగింది, మీటింగులో చప్పట్లు కొట్టారు, నేను ఆ రోజు ఇంటికి పోతూ పోతూ మైసూరుపాకు కొనుక్కున్నాను. ఆ గేర్‌బాక్సు పెట్టిన కారు బజారులోకి రాగానే ఒకటి కొని మా నాయనకు ఇచ్చాను.

మా నాయన హిందూపురం, పెనుకొండ మధ్య సర్వీసు జీపు తోలిన మనిషి. లోపల కూర్చున్నవాళ్ల కంటే బయట పట్టుకుని వేలాడేవాళ్లే ఎక్కువగా ఉండే రోజులవి. బండెక్కే ముందు చెప్పులు విడిచి సీటు కింద పెట్టుకునేవాడు. అందులో భక్తి కొంత, పని కొంత. చెప్పు అడ్డముంటే బండి చెప్పేది కాలికి అందదనేవాడు. మిట్ట రాబోతుంటే, జీపు గొంతు మారకముందే ఆయన పాదం కదిలేది. స్టాండులో వేరే జీపు కదలడానికి సిద్ధంగా ఉన్నా, మా నాయన బండి నిండేదాకా కాచుకుని కూర్చునే ముసలివాళ్లు ఉండేవాళ్లు. "ఆయప్ప తోల్తే కడుపులో చల్ల కదలదు" అనేవాళ్లు. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు క్లాసులో ఫస్టు వచ్చినంత సంతోషం. షేరు ఆటోలు వచ్చి జీపులు మూలపడ్డాక ఆయన గొర్రెలు, వేరుశనగ చేను చూసుకుంటూ ఉండిపోయాడు. చేతిలో స్టీరింగు లేక మనిషి చిక్కిపోయాడని మా అమ్మ ఒకటే దిగులు. నేను కారు కొన్నది అందుకే.

తాళం ఇచ్చిన రోజు నేను ఒక పాఠం కూడా చెప్పాను. మా వైపు డ్రైవర్లకు దిగువ కనబడితే చాలు, న్యూట్రల్ చేసి బండిని జారవిడుస్తారు. పెట్రోలు మిగిలిందని సంబరపడతారు. "ఈ బండికి అట్ల చేయొద్దు నాయనా. గేరులో ఉండంగా కాలు తీసేస్తే ఇది పెట్రోలే తాగదు. న్యూట్రల్ చేస్తే, ఇంజన్ నిలిచిపోకుండా ఉండేదానికి తాగుతాది" అన్నాను. జీవితమంతా దిగువల్లో న్యూట్రల్ చేసిన మనిషి ఆ క్షణం నుంచి మానేశాడు. కూతురు చదువుకుంది, కూతురు చెప్పింది, ఇంకేం కావాలి! యాక్సిలరేటర్ సంగతి మాత్రం నేను చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పేంత విషయమని నాకు తోచలేదు.

మొదట్లో ఫోన్ చేస్తే అన్నీ కారు కబుర్లే. రానురాను తగ్గిపోయాయి. "యాడికీ పోల్యామ్మా. ఈడే హిందూపురం దంకా పోయొచ్చినా" అనేవాడు. ఎండలకు బయటికి పోవడం లేదేమో అనుకున్నాను. నాకు ఆఫీసులో వేరే కారు పని నెత్తి మీదుంది.

ఈ మధ్య తమ్ముడికి పెళ్లి కుదిరింది. కాబోయే మరదలికి తలంబ్రాల చీర తేవడానికి ధర్మవరం పోవాలి. మా ఇంట్లో పెళ్లి చీరలకు పోవడమంటే, ఆ చీర మీద ఒక మాట అనగలిగిన ప్రతివాళ్లూ పోవాలి. లేకపోతే ఆ మాట పెళ్లి రోజు అంటారు. అందుకని ఐదుగురి కారులో ఏడుగురం ఎక్కాం. ముందు నాయన, పక్కన అవ్వ. వెనక అమ్మ, చిన్నాయన, చిన్నమ్మ, నేను. పెళ్లికొడుకుకు చోటు లేక డిక్కీలో ముడుచుకుని కూర్చున్నాడు. అవ్వకు ఉక్కపోస్తుందని ఏసీ పెట్టాం. నాయన చెప్పులు విడిచి, స్టీరింగుకు దండం పెట్టి కారు తీశాడు. నేను సెలవు పెట్టి వచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకుంటూ కూర్చున్నాను.

పెనుకొండ దాటాక కొండల సందున రోడ్డు మిట్ట ఎక్కుతుంది. కారు మొదట బాగానే ఎక్కింది. తర్వాత ఇంజన్ గొంతు బొంగురుపోయి, కింద సన్నగా వణుకు మొదలైంది. వెనక సీటు నుంచి నాకు నాయన పాదం కనబడుతోంది. మెల్లగా కిందికి పోయింది. కారులో చలనం లేదు. ఇంకొంచెం పోయింది. అయినా లేదు. వెనక లారీవాడు హారన్ మోగించాడు. నాయన గాభరాపడి గట్టిగా తొక్కాడు. అప్పుడు గేర్లు ఒక్కసారిగా కిందికి దిగాయి, టర్బో లేచింది, కారు ముందుకు దూకింది. అవ్వ ఒళ్లో ఉన్న వక్కాకు సంచి జారి కిందపడింది. నాయన భయపడి కాలు తీశాడు. తీయగానే మళ్లీ పెద్ద గేరు, మళ్లీ ఆ వణుకు.

ఏమీ చెడిపోలేదు. నేను నేర్పింది నేర్పినట్టు కారు చేస్తోంది. ఇంకా తొక్కలేదు కదా, తొందర లేదులే అని పెట్టె అనుకుంటోంది. అలా అనుకోవాలని దానికి చెప్పింది నేను.

నాయన కారును పక్కకు తీసి ఆపాడు. అవ్వ తలుపు తెరిచి, "దిగండప్పా, బండికి బరువైతాండాది" అంది. అందరూ దిగారు. డిక్కీలోంచి పెళ్లికొడుకు కూడా దిగాడు. అవ్వ చిన్నమ్మ చెయ్యి పట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని మిట్ట ఎక్కడం మొదలుపెట్టింది. ఒక్కరూ కారును ఒక్క మాట అనలేదు. అంటే నాకు తగులుతుందని వాళ్లకు తెలుసు. నా ముఖం చూడకుండా ఆ ఎండలో నడుస్తున్నారు. పరీక్షలో ఈ కారుకు ఇద్దరు మనుషుల బరువు పెడతారు. మా ఊళ్లో ఇద్దరే ఎక్కిన కారును నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ సంగతి కంపెనీలో ఇంకెవరికీ తెలియకపోవచ్చు. నాకు తెలియదా?

నాయన, చిన్నాయన, నేను కారు దగ్గరే ఉన్నాం. చిన్నాయన ఉండబట్టలేక, "అన్నా, ముందర మాదిరి లేదు నీ కాలు" అన్నాడు.

"అవునప్పా" అన్నాడు నాయన. "కొన్నాళ్లుగా చూస్తాండా. నేను తొక్కింది నాకే తెలియడంల్యా. తక్కువ తొక్కినాననుకుంటే బండి ఎగురుతాది, ఎక్కువ తొక్కినాననుకుంటే కదలదు. కాల్లో పస పోయింది. అందుకే హిందూపురం దాటి పోవడంల్యా. ఈ పెండ్లి కానీ, ఇంక తోలేది నిలిపేస్తా."

ఎండ గురించి నేననుకున్నదంతా తప్పని అప్పుడు తెలిసింది. జీపు పోయినా ఆయన దగ్గర మిగిలింది, డ్రైవరన్న ఆ పేరొక్కటే. దాన్ని ఇప్పుడు మా నాయన తనంతట తానే తీసి పక్కన పెడుతున్నాడు, నేను చప్పట్లు కొట్టించుకున్న పని వల్ల. "నాయనా, అది..." అని నోరు తెరిచాను. అప్పుడే మిట్ట మీద నుంచి అవ్వ కేకేసింది. "ఏమప్పా, బండి సల్లబడెనా? మంచి బండి అది, మా పాప చేసింది!" నేను మాట మింగి కారెక్కాను, బరువు తగ్గిన కారును నాయన మిట్ట మీదికి తెచ్చి మళ్లీ అందరినీ ఎక్కించుకున్నాడు.

ధర్మవరంలో చీరల అంగడిలో ఏం చూశామో నాకు గుర్తు లేదు. చిన్నమ్మ అంచు బాగాలేదంటే అవునన్నాను, అమ్మ బాగుందంటే దానికీ అవునన్నాను. బయటికి వచ్చి చూస్తే నాయన అంగడి మెట్టు మీద కూర్చుని కుడి పాదం ఒళ్లో పెట్టుకుని బొటనవేళ్లతో నొక్కుకుంటున్నాడు. అంగడివాళ్లు టీ పంపితే వెనక్కి పంపేశాడు.

"టీ ఎందుకొద్దన్యావు నాయనా?"

"చక్కెర మానేసినా పాపా. షుగరుండేవాళ్లకు కాళ్లు మొద్దుబారతాయంట గదా. మీ అమ్మకు చెప్పొద్దు, పెండ్లి ముందర బెంగ పెట్టుకుంటాది."

చక్కెర లేకుండా టీ తాగని మనిషి. లేని జబ్బుకు పథ్యం చేస్తున్నాడు. నాకు అక్కడే చెప్పేయాలని ఉంది. కానీ మాటలతో చెబితే నమ్మడు, చూపించాలి అనుకున్నాను. నేను చదివిన చదువు బుద్ధి అది, ఏదైనా పరీక్ష పెట్టి రుజువు చేస్తే తప్ప తృప్తి ఉండదు. తిరుగు ప్రయాణంలో నేను తోలతానన్నాను. ఆ మిట్టకు ఇటువైపూ ఎత్తే. నాయన తొక్కినట్టే మెల్లగా తొక్కుతాను, కారు నా కాలి కిందా వణుకుతుంది, అప్పుడు అందరి ముందూ ఇది నా తప్పని చెబుతాను. నా పథకం ఇది.

కానీ నా కాలు నా మాట వినలేదు. ఆ కారుతో టెస్టు రోడ్ల మీద రోజులకు రోజులు గడిపిన కాలు. మిట్ట కనబడగానే, నేను వద్దనుకునేలోపే, చటుక్కున లోతుగా తొక్కి వదిలింది. అలా తొక్కితేనే పెట్టె ముందుగా గేరు దించుకుంటుందని దానికి తెలుసు. ఏడుగురితో, ఏసీతో, చీరల మూటలతో కారు ఆ మిట్టను నవ్వుతూ ఎక్కేసింది. సరిదిద్దుకుందామనుకునే సరికి మిట్ట అయిపోయింది.

కారంతా కేకలు. "చూస్తిరా! బండిది కాదు తప్పు, తోలేవాళ్లది" అన్నాడు చిన్నాయన. డిక్కీలో తమ్ముడు ఈల వేశాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నాయన. "చెప్తి గదా, కాల్లో పస పోయిందని. ఇంక తాళం దానిదే" అని నా పక్క సీట్లోంచి వెనక్కి తిరిగి అమ్మకు కూడా చెప్పాడు. ఆయన ముఖంలో ఎంత గర్వముందో! కూతురి చేతిలో ఓడిపోయిన గర్వం. రుజువు చేయబోయి ఆయన మీదే నేరం రుజువు చేశాను.

పెనుకొండ దగ్గర టీ అంగడి ముందు ఆపాను. అందరూ దిగాక, "నాయనా, నువ్వొక్కడివే రా, కొంచెం దూరం పోయొద్దాం" అని ఆయన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. అన్నీ చెప్పాను. సగం తొక్కితే పావే అందుతుందని, గేరు కావాలనే ఆలస్యంగా దిగుతుందని, మైలేజీ కోసం అలా పెట్టింది నేనేనని.

నాయన నవ్వాడు. "నీ మీదేసుకోవద్దు పాపా. వయసైనాక ఎవురికైనా అయితాది. దాంట్లో ఏముండాది."

గేరు పక్కన ఒక బటన్ ఉంది. నొక్కితే మా పొదుపు లెక్కలు చాలావరకు పక్కకు పోతాయి, పెట్రోలు ఎక్కువ తాగినా కారు అడిగినంత పలుకుతుంది. మైలేజీ పడిపోతుందని దాని గురించి కూడా నాయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నొక్కాను. కొండ వైపు ఎక్కే చిన్న రోడ్డు చూపించి తోలమన్నాను.

నాయన పాదం కొంచెం కదిలింది. కారు కొంచెం కదిలింది. ఇంకొంచెం తొక్కాడు, కారూ అంతే ముందుకు పోయింది. కాలు తీశాడు, మళ్లీ తొక్కాడు, మళ్లీ తీశాడు. మిట్టంతా అలాగే తొక్కుతూ, తీస్తూ ఎక్కాడు. పైకి పోయాక కారు ఆపి చాలాసేపు తన పాదాన్నే చూసుకున్నాడు.

"అంటే నా కాలు బాగుండాదా?"

"బాగుండాది నాయనా. నీ కాలికి ఏమీ కాల్యా. నేనే అట్ల పెట్టినా."

సంతోషపడతాడనుకున్నాను. ఆయన అద్దంలోంచి రోడ్డు చూస్తూ అడిగాడు. "అట్ల పెట్టేటప్పుడు, దాన్ని ఎవురు తోల్తారనుకున్యావు పాపా?"

మా పరీక్ష గదిలో కారు రోలర్ల మీద నిలబడి తిరుగుతుంది. ఎదురుగా తెర మీద ఒక గీత పోతుంటుంది, వేగం ఆ గీత వెంబడే ఉండేలా తోలితే చాలు. తోలేవాడి పేరు కూడా మేం రాసుకోం. "ఎవురినీ అనుకోల్యా నాయనా" అన్నాను.

"నేను మతికి రాల్యా?"

"రాల్యా."

తల ఊపాడు. కోపం లేదు. నాలుగు తిట్టి ఉంటే నా ప్రాణం కుదుటపడేది. ఆ బటన్ వైపు చూసి, "ఇది నొక్కితే మైలేజీ తగ్గుతాది గదా?" అన్నాడు. తగ్గుతాదన్నాను. వెంటనే వేలు చాచి దాన్ని నొక్కి ఆపేశాడు.

"వద్దు నాయనా, అట్లే పెట్టుకో. నీకు అదే బాగుంటాది."

"నువ్వంత కష్టపడి చేసిండేది దండగెందుకు చేసేది? ఎట్ల తొక్కల్లో చెప్పు, నేర్చుకుంటా."

బతిమాలాను, కోప్పడ్డాను కూడా. వినలేదు. ఆయన మొండితనమే నాకూ వచ్చిందని మా అమ్మ ఊరికే అనదు. టీ అంగడి దగ్గర అందరూ ఎక్కారు. అవ్వ ఈసారీ వెనకే ఎక్కి నన్ను ముందు కూర్చోమంది. నాయనే తోలాడు.

మొదటి మిట్ట వచ్చింది. జీపు గొంతు మారకముందే పాదం కదిలించిన మనిషి, నా వైపు తిరిగి, వెనకవాళ్లకు కూడా వినబడేలా అడిగాడు. "ఇప్పుడు తొక్కల్నా పాపా?"

"ఏందన్నా, కూతుర్ని అడిగి తోల్తాండావు!" అని చిన్నాయన పగలబడి నవ్వాడు.

"అవునప్పా. దానికే గదా తెలిసేది" అన్నాడు నాయన.

తొక్కు నాయనా, అన్నాను. ఊరు వచ్చేదాకా ఏ మిట్టా ఆయన అడగకుండా ఎక్కలేదు. అడిగినప్పుడల్లా తల వంచుకుని చెప్పాను.